అయ్య గంజి పెట్టిన నర్సు సర్టిఫికెట్

సహోదరులారా, సహోదరీలారా, ఆరేళ్లపాటు నేను నర్సునై ఉండి కూడా నర్సును కాకుండా బతికాను. చదువు ఉంది, చేతిలో పని ఉంది, పెట్టె అడుగున మడిచిపెట్టిన తెల్లచీర ఉంది, అయినా "ఈ రాష్ట్రంలో మీరు నర్సు కాదమ్మా" అనే మాట ఒక రాష్ట్రం తర్వాత ఇంకో రాష్ట్రంలో విన్నాను. ఆ చీకటిలోంచి దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో, ఆ పనికి ఎవరి చేతులు వాడుకున్నాడో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. మా అమ్మ ముందు వరసలోంచి అప్పుడే సైగ చేస్తోంది, తొందరగా ముగించమని. అమ్మా, ఆరేళ్ల కష్టం అయిదు నిమిషాల్లో ఎలా వస్తుంది, కొంచెం ఓపిక పట్టు!

నన్ను ఎరగనివాళ్లకు చెబుతున్నాను, నా పేరు కరుణ, నేను మన సోలాపూర్‌లో, ఈ నీలం నగర్‌లోనే పుట్టి పెరిగాను. మా అయ్య చేతిమగ్గం నేసేవాడు, అమ్మ గుమ్మంలో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. అమ్మ నా చిన్నప్పుడే ప్రభువును నమ్ముకుంది, అయ్య మాత్రం నమ్మలేదు, అలాగని అమ్మను ఏనాడూ ఆపలేదు. ఆదివారం అమ్మనూ నన్నూ ఈ మందిరం గేటు దాకా తీసుకొచ్చి దింపేవాడు, తను సైకిల్ తొక్కుకుంటూ కొంతం చౌక్ దాకా వెళ్లి చాయ్ తాగి, ఆరాధన అయిపోయే వేళకు మళ్లీ వచ్చి గేటు బయట నిలబడేవాడు. ఎండైనా వానైనా ఆ గేటు మాత్రం దాటేవాడు కాదు.

మా గల్లీలో నర్సు చదువు చదివిన మొదటి ఆడపిల్లను నేనే. మిషన్ ఆసుపత్రిలో శిక్షణ అయిపోయి, కౌన్సిల్ నుంచి నా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చిన రోజు అయ్య మగ్గానికెక్కించే పడుగు దారాలకు గంజి పెడుతూ ఉన్నాడు. కుంచె పక్కన పెట్టి, బకెట్టు దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా కడుక్కుని, పంచెకు తుడుచుకుని, అప్పుడు గానీ ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. ఒక్క అక్షరం చదవడం రాని మనిషి, ఎంతోసేపు దాన్నలాగే చూశాడు. గల్లీలో ఎవరు చూడటానికి వచ్చినా "చేతులు కడుక్కొని రాపో" అనేవాడు, చివరికి మా మేనత్తతో కూడా అలాగే అన్నాడు, ఆమె నెల రోజులు అలిగింది!

తర్వాత ప్రభాకర్‌తో నా పెళ్లయింది. ఆయనా ఇక్కడి మగ్గాల ఇళ్లవాడే, మిలిటరీలో జవాను, తర్వాత హవల్దారయ్యాడు. జవానును చేసుకుంటే దేశమంతా చూస్తావు అన్నారు అందరూ. చూశాను సహోదరులారా! ఎవరికీ తెలియని ఊళ్లలో నర్సింగ్ కౌన్సిల్ ఆఫీసుల గుమ్మాలన్నీ చూశాను!

సంగతేమిటంటే, మన రాష్ట్రంలో పేరు నమోదైన నర్సు ఇంకో రాష్ట్రానికి వెళితే అక్కడ పనిచేయడానికి అది చాలదు, మళ్లీ అక్కడి కౌన్సిల్ పుస్తకంలో పేరు ఎక్కాలి. దానికి మన కౌన్సిల్ నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం రావాలి, అసలు సర్టిఫికెట్ చూపించాలి, దాని వెనుక వైపు ముద్రలూ సంతకాలూ అన్నీ సరిపోవాలి. ఇదంతా పోస్టులో నడిచే పని, నెలలు పట్టేది. ఎవరినీ తప్పు పట్టను, రోగి ప్రాణం చేతిలో పెట్టే ముందు ఎవరైనా సరిచూసుకోవాల్సిందే గదా. కానీ మిలిటరీ వాళ్ల బదిలీలు ఆ ఉత్తరాల కోసం ఆగవు.

మొదట ఉత్తరాన ఒక ఊరికి వెళ్లాం. వెళ్లిన వారంలోనే దరఖాస్తు పెట్టాను, రోజూ పోస్టుమాన్ సైకిల్ బెల్లు కోసం చెవులు రిక్కించి కూర్చునేదాన్ని, కూర తాలింపు మాడినా లేచేదాన్ని కాదు. చివరికి "మీ పేరు నమోదైంది" అని ఉత్తరం వచ్చిన రోజున మేము ఏం చేస్తున్నామో తెలుసా? బదిలీ అయి, ట్రంకు పెట్టెలకు తాళ్లు కడుతున్నాం! నవ్వాలో ఏడవాలో తెలియక ఆ ఉత్తరం పట్టుకుని పెట్టె మీదే కూలబడ్డాను. మా ఆయన ఇంకో పెట్టె మీద కూర్చున్నాడు, తాడు కొస మాత్రం చేతిలో అలాగే పట్టుకుని ఉన్నాడు.

రెండోది ఈశాన్యంలో వానలు తెరిపివ్వని ఊరు. అక్కడ మళ్లీ మొదటి నుంచి మొదలు. ఆ తేమకు బట్టలు బూజు పట్టాయి, చెప్పులు బూజు పట్టాయి, నా సర్టిఫికెట్ మడతల దగ్గర చిరగడం మొదలుపెట్టింది. అక్కడే, సహోదరులారా, నా గుండె విరిగిపోయిన సంగతి జరిగింది. పక్క క్వార్టర్‌లో ఒక పసిపిల్లకు జ్వరం ఎక్కి ఫిట్స్ వచ్చాయి. తల్లి కేకలకు పరిగెత్తాను, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిబట్టతో ఒళ్లు తుడిచి, బండి వచ్చేదాకా చూసుకున్నాను. దేవుని దయవల్ల పిల్ల బతికింది. ఆ మర్నాడు ఆ తల్లే వచ్చి, ఇక మీరే మా పిల్లలకు సూదులు వేయండి దీదీ అంది. వేయలేను, ఇక్కడ నాకు ఆ హక్కు లేదు అన్నాను. ఆమె నన్ను ఒకలాగా చూసింది. అసలు ఈమె నర్సేనా, అన్నట్టు. ఆ చూపును నేను తట్టుకోలేకపోయాను.

ఆ రోజు నుంచి ప్రార్థన మానేశాను. దాచడం దేనికి, దేవుని మీద అలిగాను! బైబిలును తెల్లచీర పక్కన పెట్టెలో పెట్టి తాళం వేశాను. మా ఆయన ఏమన్నా మండిపడేదాన్ని, గిన్నెలు విసిరేదాన్ని, ఎవరైనా 'మీరేం చేస్తారు' అని అడిగితే 'వంట చేస్తాను' అని పుల్లవిరిచినట్టు చెప్పేదాన్ని. నా నాలుక మొదటినుంచీ కొంచెం పదునే, ఆ రెండేళ్లలో అది కత్తి అయిపోయింది.

సెలవుకు సోలాపూర్ వచ్చినప్పుడు సర్టిఫికెట్ అయ్య చేతికిచ్చి, "చినిగిపోతున్నది అయ్యా, జర భద్రంగ పెట్టు" అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, అది నేనన్న మాటే!

ఈశాన్యంలోనూ నా పేరు ఎక్కకముందే మా ఆయనకు సికింద్రాబాద్ వేశారు. మూడేళ్లు కదలకుండా ఒకే చోట! చుట్టూ తెలుగు మాటలు! అక్కడ ఒక ఆసుపత్రి మేట్రన్ నాతో పది నిమిషాలు మాట్లాడి, శనివారం లోపల ఈ రాష్ట్రపు పుస్తకంలో నీ పేరు ఎక్కితే ఆ ఖాళీ నీదేనమ్మా, దాటితే ఇంకొకరికి వెళ్లిపోతుంది అని చెప్పింది. అది సోమవారం. కౌన్సిల్ ఆఫీసుకు పరిగెత్తాను. అక్కడి గుమాస్తా పెద్దాయన, నెమ్మదైన మనిషి. సికింద్రాబాద్ వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టాను గనుక, మన కౌన్సిల్ నుంచి రావలసిన ఉత్తరం ముందే వచ్చి ఫైలులో ఉంది, ఇక ఒక్కటే మిగిలింది. "అసలు సర్టిఫికెట్ తెచ్చి వెనుక వైపు ముద్ర, సంతకం నాకు చూపించండి, ఆ రోజే ఎక్కిస్తాను" అన్నాడు. ఆరేళ్ల తర్వాత నాకూ ఆ తెల్లచీరకూ మధ్య ఒక్క కాగితం వెనుక వైపు మిగిలింది.

మంగళవారం పొద్దున్నే రైలెక్కాను, మధ్యాహ్నానికి సోలాపూర్‌లో దిగి ఆటోలో ఇంటికొచ్చాను. గోడ మీద, అద్దం ఫ్రేములో, నా సర్టిఫికెట్ తళతళా మెరుస్తోంది! మడత లేదు, చిరుగు లేదు, కొత్త చాదర్ లాగా బిర్రుగా ఉంది. సంతోషంతో ఫ్రేము దించి, మేకులు ఊడదీసి, కాగితం తిప్పాను.

వెనుక వైపు లేదు. బట్ట ఉంది.

మా అయ్య చేసిన పని ఇది. చినిగిపోతోందని నేను చెప్పాను గదా. దారం తెగకుండా ఉండాలంటే ఆయనకు తెలిసింది ఒక్కటే, గంజి. పడుగుకు పెట్టినట్టే చిక్కటి గంజి కాచి, తన మగ్గం మీద తానే నేసిన ముతక బట్ట ముక్క తీసుకుని, సర్టిఫికెట్ వెనుక భాగమంతా గంజి రాసి, ఆ బట్టకు అతికించి, కుంచెతో సాపు చేసి, ఎండబెట్టి అద్దంలో పెట్టాడు. ముద్ర, సంతకం, నంబరు, అన్నీ ఆ బట్ట కింద. ఇంకో కాపీ తెప్పించుకోవాలంటే మళ్లీ నెలలు. నాకున్నది శనివారం దాకా.

"ఏంది అయ్యా ఇది? ఎవరు చెయ్యమన్నరు నిన్ను?" అని గల్లీ అంతా వినపడేలా అరిచాను.

ఆయన బిత్తరపోయాడు. "గంజి పెడితే దారం తెగది గదా బిడ్డా, కాగితం గూడ చినగదనుకున్న. ఎన్క గూడ రాసుంటదని నాకేం ఎరుక?"

"నీకు సదువు రాదు గదా, మరెందుకు ముట్టినవ్?"

ఈ మాట నేనన్నాను, సహోదరులారా. చేతులు కడుక్కోకుండా ఆ కాగితాన్ని ఏనాడూ ముట్టని మనిషితో అన్నాను. ఆయన లేచి వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు, నేయలేదు, ఊరికే కూర్చున్నాడు. ఇప్పుడు చెబుతుంటే కూడా నాకు సిగ్గుగా ఉంది.

అమ్మ చాట పక్కన పెట్టి నన్ను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. నేను ఏడుస్తూ, దేవుడు నా ఉద్యోగం మూడోసారి లాక్కున్నాడు అన్నాను. అమ్మ నా తల నిమిరి, "ఉద్యోగం దేవునికిచ్చినవ్, సదువు దేవునికిచ్చినవ్. నీ నోరు గూడ ఇయ్యి బిడ్డా" అంది.

ఆ మాట నన్ను గుచ్చింది. రెండేళ్ల తర్వాత మోకాళ్ల మీద పడ్డాను. ప్రార్థన ఎలా మొదలుపెట్టాలో కూడా మరిచిపోయాను, ఏది నోటికొస్తే అదే అన్నాను. "ప్రభువా, ఆ కాగితం సంగతి నీ ఇష్టం, అది ఊడినా ఊడకపోయినా నీ ఇష్టం, నేనే మా అయ్య మనసు చింపేశాను, ముందు నన్ను ఈ కోపంలోంచి విడిపించు, నర్సుగా కాకపోయినా బిడ్డగానైనా నన్ను లేపు!" అలా అంటూ అంటూ ఎంత ఏడ్చానో, లేచేసరికి ఛాతీ మీద నుంచి ఒక బరువు దిగిపోయింది. సహోదరులారా, నా విడుదల ఆ మంగళవారం మధ్యాహ్నమే జరిగింది, సర్టిఫికెట్ ఇంకా బట్టకు అతుక్కునే ఉంది! దేవునికి స్తోత్రం!

వెళ్లి అయ్య పక్కన కూర్చున్నాను. "తప్పయింది అయ్యా, నేనే ఇచ్చిన, నేనే భద్రంగ పెట్టుమన్న" అన్నాను. ఆయన నా ముఖం చూడకుండా, "గంజి పెట్టినోన్ని నేనే గదా. ఎట్లిప్పాల్నో గూడ నాకే ఎరుక. కాళజీ చెయ్యకు, ఫికర్ పడకు. రేపు పొద్దుగాల వెలుతురుల జూద్దాం" అన్నాడు.

బుధవారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. ఫ్రేములోని అద్దాన్ని చాప మీద పరిచి, దాని మీద సర్టిఫికెట్ బోర్లా పెట్టాడు. నేను బట్ట కొస పట్టుకుని లాగబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు. "బట్టను లాగితే కాగితం చినుగుతది. బట్టను ఇప్పాలె" అన్నాడు. అప్పటికి నాకు అర్థం కాలేదు. ఆయన తడిబట్టను గట్టిగా పిండి, ఆ నేత మీద పరిచి, గంజి మెత్తబడేదాకా ఆగి, తర్వాత అంచు నుంచి ఒక్క పేకదారం, అంటే అడ్డంగా నేసిన దారం, కొస పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా పక్కకు లాగాడు. ఒక్క దారం వచ్చింది! తర్వాత ఇంకొకటి. తన చేత్తో నేసిన బట్టను మా అయ్య ఒక్కో దారమే వెనక్కి విప్పుతున్నాడు! అమ్మ అటు పక్క కూర్చుని, ముప్పై ఏళ్లుగా సన్నని ఆకులు చుట్టిన వేళ్లతో దారాల కొసలు లేపి ఇస్తోంది. నాకు మాత్రం పని ఇవ్వలేదు. "నీ చెయ్యికి తొందరెక్కువ. నువ్వు ప్రార్థన జేసుకో పో" అన్నాడు అయ్య. ప్రార్థన చేసుకో అని మా అయ్య నాతో అనడం అదే మొదటిసారి!

మధ్యాహ్నానికి సగం బట్ట విడిపోయింది, ఊదారంగు ముద్ర అంచు కనబడింది. హల్లెలూయ అనబోయాను, అంతలో అమ్మ "ఆగుర్రి!" అని కేక వేసింది. చూస్తే, లాగిన దారానికి ఊదారంగు అంటుకుని వస్తోంది! తడికి సిరా కరిగి, ముద్ర దారంతో పాటే పోతోంది! అయ్య చేయి ఆగిపోయింది. యాభై ఏళ్లు మగ్గం నేసిన ఆ చేయి వణకడం నేను మొదటిసారి చూశాను. ఇంకో నాలుగు దారాలు అలాగే వస్తే ముద్ర ఉండదు, ముద్ర లేకపోతే నేను ఉండను.

అప్పుడు మా అయ్య అమ్మ వైపు తిరిగి, "నీ దేవునికి చెప్పు, నా చెయ్యి వణకకుండ జూడమను" అన్నాడు.

అమ్మ కళ్లు మూసుకోలేదు, దారం కొస పట్టుకునే గట్టిగా ప్రార్థించింది. "తండ్రీ, ఈ చేతులు నీవే, ఇన్నేండ్లు మాకు బువ్వ పెట్టిన చేతులే, ఇయ్యాల ఈ బిడ్డ కోసం పట్టుకో తండ్రీ!" నేను పక్కనే మోకరించి ఆమెన్, ఆమెన్ అంటున్నాను, కన్నీళ్లు కాగితం మీద పడతాయేమోనని దూరం జరిగాను! అయ్య చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత తడిబట్ట తీసి పక్కన పడేశాడు. ఇక నీళ్లు వద్దన్నాడు. ముద్ర ఉన్న చోట ఆరనిచ్చి, పొడిగానే, గోటితో గంజిని పొడిపొడిగా రాలుస్తూ, దారాన్ని ముక్కలు ముక్కలుగా తీయడం మొదలుపెట్టాడు. ఒక్కో దారానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఆ చేయి మళ్లీ వణకలేదు, సహోదరులారా! ఒక్కసారి కూడా వణకలేదు!

పొద్దు వాలేసరికి బట్ట లేదు. ముద్ర ఉంది, కొంచెం వెలిసింది గానీ చదవవచ్చు. సంతకం ఉంది, నంబరు ఉంది. ముద్ర పక్కనే మూలలో ఒక్క దారం మాత్రం రాలేదు. నేను దాన్నీ తీసేయమన్నాను. అయ్య తల అడ్డంగా ఊపి, "దీన్ని లాగితే కాగితం గూడ వస్తది. ఉండనియ్యి" అన్నాడు.

గురువారం రైలు, శుక్రవారం పొద్దున కౌన్సిల్ కిటికీ ముందు నేను. గుమాస్తా పెద్దాయన సర్టిఫికెట్ తిప్పి, కళ్లజోడు సవరించుకుని, "ఇదేంటమ్మా, ఇక్కడ దారం?" అన్నాడు. నేను ఊరుకునే మనిషినా! గంజి దగ్గర్నుంచి అంతా చెప్పాను, నా వెనుక వరసలో ఉన్నవాళ్లు కూడా వింటున్నారు. ఆయన భూతద్దం తెచ్చి ముద్ర చూశాడు, ఫైలులోని ఉత్తరంతో నంబరు సరిపోల్చాడు, సంతకం సరిపోల్చాడు, లోపల పై అధికారికి చూపించి వచ్చాడు. తర్వాత పెద్ద పుస్తకం తెరిచి నా పేరు రాశాడు! "మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి" అన్నాడు. నేను ఆ ఆఫీసు మధ్యలో నిలబడి "దేవునికి స్తోత్రం!" అని అరిచేశాను, టైపు కొట్టే అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది!

శనివారం మేట్రన్ ముందు తెల్లచీరలో నిలబడ్డాను. ఆరేళ్ల మడతలు, ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు, ఎవరికి కావాలి! ఆ రోజే మొదటి సూది వేశాను, మొదటి జ్వరం చూశాను, మొదటి పసిపిల్లను చేతుల్లోకి తీసుకున్నాను. బైబిలు పెట్టెలోంచి బయటికొచ్చింది, మళ్లీ లోపలికి వెళ్లలేదు.

పదిహేను రోజులకు సోలాపూర్ నుంచి కార్డు వచ్చింది. అమ్మ చెబుతుంటే పక్కింటి పిల్ల రాసింది, రెండే రెండు ముక్కలు. "మొన్న ఆదివారం మీ అయ్య చాయ్‌కు పోలే. లోపల్కొచ్చి కూసున్నడు." ఆ కార్డు పట్టుకుని వార్డులోనే ఏడ్చాను. నా పేరు ఒక పుస్తకంలో ఎక్కించమని నేను అడిగితే, ప్రభువు మా అయ్య పేరు తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు!

ఆ తర్వాత ఇంకో రెండు రాష్ట్రాలు తిరిగాం. రెండు చోట్లా ఇదే కాగితం, రెండు కిటికీల దగ్గరా ఇదే ప్రశ్న, ఈ దారమేంటని. రెండు చోట్లా ఈ సాక్ష్యమే చెప్పాను, రెండు చోట్లా నా పేరు ఎక్కింది! ఇప్పుడు మా ఆయన పింఛను తీసుకుని ఇంటికొచ్చేశాడు, నేను మన ఊరి ఆసుపత్రిలోనే పనిచేస్తున్నాను.

సహోదరులారా, మీ బతుకు దేనికి అతుక్కుపోయిందో నాకు తెలియదు. తాగుడుకా, పగకా, నాలాగా కోపానికా. లాగి చూసి, చినుగుతుందని భయపడి వదిలేశారేమో. నా దేవునికి తొందర లేదు, ఆయన లాగి చింపడు, కూర్చుని ఒక్కో దారమే తీస్తాడు, ఆయన చేయి వణకదు. ఈ రోజే ఆయన చేతికి ఇచ్చేయండి, నేను ఇచ్చాను, నాకు సిగ్గు కలగలేదు!

అదిగో, మా అయ్య గుమ్మం పక్కన, గోడకు ఆనుకుని కూర్చున్నాడు, నేను చూపిస్తే తల దించుకుంటున్నాడు. సర్టిఫికెట్ ఆయన ఒళ్లోనే ఉంది, ఇంకా నన్ను నమ్మడు! ఆరాధన అయ్యాక ఆ దారం చూడాలనుకునేవాళ్లు ఆయన దగ్గరికి వెళ్లండి. కానీ బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వెళ్లండి, లేకపోతే ముట్టనివ్వడు. మహిమంతా దేవునికే!